బొచ్చు ఎక్కడ పోయిందో ముందు చూడండి

పెంపుడు జంతువుల ఆరోగ్యం: పాఠకుల ప్రశ్నలకు పశువైద్యురాలి జవాబులు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది కాకినాడ. అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఉంటాం. మా పిల్లి పేరు మల్లి. ఆడపిల్లి, నాలుగేళ్లు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. రెండు నెలలుగా ఒకటే నాక్కోవడం, గోక్కోవడం. తోక మొదట్లో, వెనక తొడల మీద, పొట్ట కింద బొచ్చు పోయి గులాబీ రంగు చర్మం బయటపడింది. మెడ చుట్టూ నిమిరితే చిన్న చిన్న పెచ్చులు గరుకుగా తగులుతున్నాయి. దగ్గర్లో ఉన్న డాక్టరుకు చూపిస్తే ఎలర్జీ అని ఇంజెక్షన్ చేశారు. మూడు వారాలు హాయిగా ఉంది, మళ్లీ మొదలు. రెండో ఇంజెక్షన్‌కు అన్ని రోజులు కూడా ఆగలేదు. పేలు, గోమార్లు ఉన్నాయేమోనని దువ్వి చూశాం, ఒక్కటీ కనపడలేదు. మల్లి ఇల్లు దాటి పోదు, మహా అయితే మెట్ల దాకా వెళ్లి వస్తుంది. మా అమ్మాయి జూన్‌లో హాస్టల్‌కు వెళ్లింది, ఆ బెంగతో టెన్షన్ పడి నాక్కుంటోందని మా వారంటారు. తిండి పడటం లేదేమో, చికెన్ మానేయమని పక్కింటివాళ్లు అంటారు. మా అత్తగారు కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాద్దామంటున్నారు. కింద ఫ్లాట్ వాళ్లు తమ కుక్కకు మెడ మీద వేసే మందు మిగిలిందని తెచ్చిచ్చారు. ఏం చేయాలో పాలుపోవడం లేదు. (ఒక పాఠకురాలు, కాకినాడ)

జవాబు: అమ్మా, మిగతా సంగతులు తర్వాత. కింద ఫ్లాట్ వాళ్లిచ్చిన మందు మల్లికి వేయకండి. కుక్కల కోసం తయారైన కొన్ని మందుల్లో పర్మెత్రిన్ ఉంటుంది. కుక్క దాన్ని తట్టుకుంటుంది. పిల్లి కాలేయానికి దాన్ని విరిచి బయటికి పంపే శక్తి చాలా తక్కువ. వేసిన కొద్ది గంటల్లోనే ఒళ్లు వణకడం, నడక తూలడం, ఫిట్స్ రావడం మొదలై ప్రాణం మీదికి వస్తుంది. పశువుల గోమార్లకు వాడే డెల్టామెత్రిన్ కూడా అదే కోవకు చెందిన మందు. కుక్కల ఒంటికి నీళ్లలో కలిపి పట్టించే అమిట్రాజ్ కూడా పిల్లికి వద్దు. ఆ కుక్కకు ఈ మధ్యే మందు వేసి ఉంటే, రెండు మూడు రోజులు మల్లి దాన్ని రాసుకుని తిరగకుండా చూసుకోండి.

మీ అత్తగారు ప్రేమతోనే చెప్పారు, కాదనను. కానీ పిల్లి ఒంటికి ఏది రాసినా అది ఆ పూటే నాకి మింగేస్తుంది. కర్పూరం కడుపులోకి పోతే ఫిట్స్ వస్తాయి. వేపనూనె, కిరోసిన్, ఫినాయిల్ కలిపిన నీళ్లు కూడా ఇందుకే వద్దంటాను. పాపం దురదతో వచ్చిన పిల్లికి, ఇంట్లో రాసిన మందు దిగడానికి సెలైన్ ఎక్కించాల్సి రావడం నేను చూస్తూనే ఉంటాను. ఆ బాధ మల్లికి రాకూడదు.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చింది, బొచ్చు ఎక్కడెక్కడ పోయిందో మీరు రాసిన వాక్యం. తోక మొదలు, తొడల వెనక, పొట్ట, మెడ చుట్టూ పెచ్చులు. ఈ నాలుగూ ఒకే పిల్లిలో కనిపిస్తే నా అనుమానం ముందు ఫ్లీ మీదికే పోతుంది. మనవాళ్లు ఒంటి మీద పాకే ప్రతిదాన్నీ పేను అనేస్తారు. ఫ్లీ వేరు. ముదురు గోధుమరంగులో, రెండు పక్కలా నొక్కినట్టు సన్నగా ఉంటుంది. బొచ్చు పాయల మధ్య చకచకా పరుగెత్తి ఒక్క గెంతులో మాయమవుతుంది. గోమారులాగా ఒకచోట కరుచుకుని కూర్చోదు.

దువ్వితే ఒక్కటీ దొరకలేదని రాశారు. దొరకదు కూడా. పిల్లి నాలుక మీద వెనక్కి వంగిన ముళ్లుంటాయి. దురద పుట్టిన పిల్లి ఆ నాలుకతో రోజంతా తనను తాను దువ్వుకుంటూ ఫ్లీలను మింగేస్తుంది. అంటే ఫ్లీల వల్ల ఎక్కువ బాధపడే పిల్లి ఒంటి మీదే అవి తక్కువ కనిపిస్తాయి. పైగా ఫ్లీ ఉమ్మి పడని పిల్లికి వందల ఫ్లీలు అక్కర్లేదు. అప్పుడప్పుడూ పడే ఒకటి రెండు కాట్లు చాలు, దురద రోజుల తరబడి నిలిచిపోతుంది.

అందుకని పురుగు కోసం కాదు, దాని రెట్ట కోసం వెతకండి. నేను క్లినిక్‌లో చేసేది మీరు ఇంట్లోనే చేయొచ్చు. మల్లిని తెల్ల కాగితం మీద నిలబెట్టి, పళ్లు దగ్గరగా ఉన్న పేల దువ్వెనతో తోక మొదటి దగ్గర వెనక నుంచి ముందుకు, తర్వాత మెడ మీద, బాగా చర్మానికి ఆనేలా దువ్వండి. దువ్వెనలో చిక్కిన బొచ్చును, కాగితం మీద రాలిన నల్ల నలుసులను తడిపిన టిష్యూ పేపరు మీద పెట్టి, వేలితో కాస్త అదిమి, ఓ నిమిషం ఆగండి. మామూలు మట్టి అయితే మట్టి రంగులోనే ఉంటుంది. ఫ్లీ రెట్ట అయితే నలుసు చుట్టూ ఎర్రటి చాయ తడిలోకి పాకుతుంది. అది మల్లి రక్తమే, ఫ్లీ తాగి అరిగించుకుని వదిలినది. ఆ ఎరుపు కనపడితే ఇక పురుగును వెతకనక్కర్లేదు. కనపడకపోయినా ఫ్లీ లేదని తేల్చేయకండి, ఒంటిని అంత శుభ్రంగా నాక్కునే పిల్లిలో రెట్ట కూడా మిగలదు. మలద్వారం చుట్టూ, అది పడుకునే గుడ్డ మీద బియ్యపు గింజల్లాంటి తెల్లటి ముక్కలు ఎప్పుడైనా చూశారా? అవి బద్దె పురుగు ముక్కలు. ఆ పురుగు పిల్లి కడుపులోకి వచ్చేది ఎక్కువగా ఫ్లీని మింగడం వల్లే. కాబట్టి అదీ ఒక ఆధారమే.

మూడో అంతస్తులో ఇల్లు దాటని పిల్లికి ఎలా వస్తాయని మీకు అనిపించొచ్చు. పెద్ద ఫ్లీ ఒంటి మీద ఉంటుంది కానీ దాని గుడ్లు ఉండవు, జారి కింద రాలిపోతాయి. ఒక ఆడ ఫ్లీ రోజుకు 40 నుంచి 50 గుడ్లు దాకా పెడుతుంది. అవి మంచం కింద, సోఫా సందుల్లో, డోర్‌మ్యాట్‌లో, మెట్ల మూలల్లో పొదిగి, పిల్లపురుగులై, గూడు కట్టుకుంటాయి. ఇల్లంతా కలిపి లెక్క వేస్తే ఒంటి మీద కనిపించేవి 5 శాతమే అని చెబుతారు, మిగతాదంతా నేల మీద సంసారమే. గూట్లో ఉన్నది నెలల తరబడి తిండి లేకుండా ఉండగలదు, దగ్గర్లో అడుగుల అదురు, ఒంటి వేడి తగలగానే బయటికొచ్చి ఎక్కేస్తుంది. కింది కుక్క ఆ మెట్ల మీదే తిరుగుతుంది. పిల్లి ఫ్లీ కుక్క మీద కూడా సుఖంగా బతుకుతుంది. అపార్ట్‌మెంట్ మెట్ల మీద వీధి పిల్లులు పడుకోని ఊరు లేదు. పైగా మీది సముద్రం పక్కన ఊరు. గాలిలో తేమ 50 శాతం కంటే తగ్గితే ఫ్లీ పిల్లపురుగులు బతకలేవు, కాకినాడలో ఏడాది పొడవునా ఆ కొరత ఉండదు. ఆ ఉక్కలో గుడ్డు పెద్ద ఫ్లీ కావడానికి రెండు మూడు వారాలు చాలు.

ఇప్పుడు చేయాల్సింది: పిల్లుల కోసమే అని లేబుల్ మీద స్పష్టంగా ఉన్న, మల్లి బరువుకు తగ్గ చుక్కల మందు మీ డాక్టరును అడిగి తీసుకోండి. సెలామెక్టిన్, ఫిప్రోనిల్ లాంటివి పిల్లులకు వాడేవి. నాకు సెలామెక్టిన్ మీద మొగ్గు ఎక్కువ, ఎందుకంటే ఫ్లీలతో పాటు చెవుల్లో పురుగులకూ కొన్ని రకాల గజ్జికీ పనిచేస్తుంది. నాలుక అందని చోట, తలకు కాస్త వెనగ్గా మెడ మీద బొచ్చు పాయ తీసి చర్మం మీద వేయాలి. ముందూ వెనకా రెండు రోజులు స్నానం వద్దు. డాక్టరు చెప్పిన గడువు ప్రకారం, ఒక్క నెల కూడా తప్పకుండా మూడు నెలలు వేయండి. కింది వాళ్లను కూడా ఒప్పించి ఆ కుక్కకు కుక్కల మందు వేయించండి. ఇది మొహమాటపడే విషయం కాదు, వాళ్ల కుక్కకు మందు పడకపోతే మల్లికి వేసింది సగం వృథా. మల్లి పడుకునే గుడ్డలు వారం వారం వేడినీళ్లతో ఉతకండి. సోఫా సందులు, మంచం కింద వ్యాక్యూమ్ క్లీనర్‌తో గానీ చీపురుతో గానీ మూలమూలా తీసి, చెత్త వెంటనే బయట పారేయండి. మొదటి నెలలో కొత్త ఫ్లీలు కనపడితే మందు పనిచేయలేదని కంగారు పడకండి, అవి గూళ్లలోంచి వస్తున్నవి.

మీ వారి అనుమానానికి వస్తాను. బెంగ పెట్టుకుని ఒళ్లంతా నాక్కునే పిల్లులు ఉన్నాయి. కానీ ఆ మాట చివర్న అనాలి, మొదట్లో కాదు. అమెరికా పశువైద్య సంఘం పత్రికలో 2006లో ఒక పరిశీలన వచ్చింది. మనసు బాగోక బొచ్చు పీక్కుంటున్నాయని అనుకున్న 21 పిల్లులకు పరీక్షలన్నీ చేసి చూశారు. అందులో 16 పిల్లులకు ఒంట్లోనే కారణం దొరికింది, ఎక్కువగా ఫ్లీ, ఆహారం, గాలిలోని పదార్థాలు పడకపోవడం లాంటివే. మరో మూడింటికి ఒంటి జబ్బూ మనసు బాధా రెండూ ఉన్నాయి. అచ్చంగా మనసు వల్ల అని తేలినవి రెండే. అమ్మాయి వెళ్లిన నెలా, దురద మొదలైన నెలా ఒకటే కావచ్చు. వానలు మొదలై ఫ్లీలు పెరిగే రోజులు కూడా అవే కదా. మీ అమ్మాయి ఇది చదివితే, తన వల్లే పిల్లి ఇలా అయిందని బాధపడొద్దని నా మాటగా చెప్పండి.

నాక్కోవడం వల్ల పోయిందా, దానంతటదే రాలిందా అన్నది తేల్చుకోవడం కూడా కష్టం కాదు. బొచ్చు పోయిన చోట అంచు మీద వేలిని ఎదురు దిశలో నడపండి. గరగరా గుచ్చుకుంటే అవి నాలుకకు తెగిన మోళ్లు. మేమైతే అక్కడ నాలుగు వెంట్రుకలు లాగి మైక్రోస్కోప్ కింద పెడతాం. దానంతటదే రాలిన వెంట్రుక కొస సన్నగా, సూదిగా ఉంటుంది. నాక్కుని తెంపిన వెంట్రుక కొస చీలి, మొద్దుబారి ఉంటుంది. రాలుతోందంటే వెతికే జబ్బులు వేరు, నాక్కుంటోందంటే వేరు. ఐదు నిమిషాల పని, నొప్పి పెద్దగా ఉండదు. చర్మజబ్బుతో వచ్చిన ప్రతి పిల్లికీ ఇది చేయాలని నా పట్టుదల. చాలా పిల్లులు చాటుగా నాక్కుంటాయి. మావాడు అసలు నాక్కోడండీ అని ప్రమాణం చేసే యజమానులకు కూడా ఆ కొసలు చూపిస్తే నమ్ముతారు.

ఇంజెక్షన్ గురించి. మీరు రాసినదాన్ని బట్టి అది నెమ్మదిగా ఒంట్లోకి దిగే స్టెరాయిడ్ అయి ఉండాలి. వారాల తరబడి దురదను అణిచి ఉంచుతుంది. మల్లి మూడు వారాలు ప్రశాంతంగా నిద్రపోయింది, అది చిన్న విషయం కాదు. చర్మం చీరుకుపోయేంత దురద ఉన్నప్పుడు నేనూ స్టెరాయిడ్ ఇస్తాను, అయితే మాత్రలుగా, కొద్ది రోజులకు, కారణం వెతుకుతూ. ఎలర్జీ అన్న మాట దగ్గర ఆగిపోతే లాభం లేదు, దేని వల్ల ఎలర్జీ అన్నదే కదా కావాల్సింది. ఆ ఇంజెక్షన్ మీద ఇంజెక్షన్ పడుతూ పోతే పిల్లులకు షుగర్ వచ్చే ప్రమాదం ఉంది. ఒకవేళ అది తామర అయితే రోగనిరోధక శక్తి తగ్గి ఒళ్లంతా పాకుతుంది. పరీక్షలు కూడా తేడాగా చూపిస్తాయి. మూడో ఇంజెక్షన్‌కు ఒప్పుకోకండి. ఆ డాక్టరు దగ్గరికే వెళ్లి, చర్మం గీకి చూస్తారా, వెంట్రుకలు మైక్రోస్కోప్‌లో చూస్తారా, తామరకు కల్చర్ (శిలీంధ్రాన్ని పెంచి చూసే పరీక్ష) పెడతారా అని మర్యాదగానే అడగండి. అక్కడ సౌకర్యం లేకపోతే గన్నవరం, గరివిడి లాంటి చోట్ల పశువైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి.

మూడు నెలలు గట్టిగా ఫ్లీ మందు వేసి, గజ్జి, తామర లేవని తేలాక కూడా నాక్కుంటూనే ఉంటే, అప్పుడు ఆహారం సంగతి. పక్కింటివాళ్లు చికెన్ ఒక్కటీ మానేయమన్నారు, అలా చేస్తే ఏమీ తేలదు. పిల్లులకు పడని ఆహారాల్లో బీఫ్, చేప, చికెన్ ముందుంటాయి, అన్నం లాంటివి అరుదు. మల్లి ఇంతవరకూ ఎప్పుడూ తినని మాంసం ఒక్కటే, లేదా ప్రోటీన్‌ను ముక్కలుగా విరిచి తయారుచేసిన ప్రత్యేకమైన తిండి ఒక్కటే, కనీసం 8 వారాలు పెట్టాలి. ఎండుచేప ముక్క, పెరుగు చుక్క, రుచి కలిపిన మాత్ర, ఏదీ నోట్లో పడకూడదు. తగ్గితే పాత తిండి మళ్లీ పెట్టి చూడాలి. దురద తిరిగి వస్తేనే రుజువు. కష్టమైన పని, ఇంట్లో అందరూ ఒక మాట మీద ఉండాలి. రక్తపరీక్ష చేసి ఏ తిండి పడదో చెబుతామంటే డబ్బు పోగొట్టుకోకండి, ఆ ఫలితాలను నమ్మి నిర్ణయం తీసుకోలేం. ఇంట్లో వండి పెట్టే పని అయితే డాక్టరును అడిగే మొదలుపెట్టండి, ఎందుకంటే టారిన్ అనే పోషకం తగ్గితే పిల్లికి గుండె, కళ్లు దెబ్బతింటాయి. అదీ తేలకపోతే ధూళి, పుప్పొడి పడని పిల్లి అనుకుని దానికి తగ్గ మందులు వాడతాం, జీవితాంతం కావచ్చు.

ఒక్కటి గమనించండి. మిగతా చోట్ల తగ్గి, పొట్ట కింది భాగం మాత్రమే నాక్కుంటుంటే మూత్రాశయంలో నొప్పి ఉందేమో చూపించాలి. ఇసుక ట్రేలోకి మాటిమాటికీ వెళ్లి ముక్కుతుంటే ఆలస్యం వద్దు. అన్నట్టు, ఈ రోజే మల్లి ఒంటిని నాలుగు వైపులా ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి, వారం వారం అదే వెలుతురులో. రోజూ చూసే కళ్లకు బొచ్చు మొలిచిన సంగతి తెలియదు, ఫొటోలు చెబుతాయి.

ప్రశ్న: మేడమ్, మాది హనుమకొండ. నెల కింద మూడు నెలల పర్షియన్ పిల్లికూనను కొన్నాం. చెవి మీద, ముందు కాలి మీద గుండ్రంగా బొచ్చు పోయి బూడిద రంగు పొట్టు లేస్తోంది. పెద్దగా గోక్కోవడం లేదు. ఇప్పుడు మా ఆరేళ్ల బాబు చేతి మీద ఎర్రటి రింగు వచ్చింది. మందుల షాపులో క్రీమ్ ఇచ్చారు, ఇద్దరికీ రాయొచ్చా? కూనను తిరిగి ఇచ్చేయాలా?

జవాబు: క్రీమ్ ఇద్దరికీ ఆపేయండి. షాపులో అడగకుండా ఇచ్చే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజులు ఎరుపు తగ్గినట్టు చూపించి, లోపల తామరను పెంచుతుంది. బాబును చర్మవ్యాధుల డాక్టరుకు చూపించి, ఇంట్లో పిల్లికూన ఉందన్న సంగతి తప్పకుండా చెప్పండి.

దురద పెద్దగా లేకుండా గుండ్రటి మచ్చలు, పొట్టు, పర్షియన్ జాతి, చిన్న వయసు, ఇంట్లో పిల్లవాడికి రింగు. ఇన్ని కలిస్తే తామరే అనుకుని నడుచుకోవాలి. పిల్లులకు దాన్ని తెచ్చేది ఎక్కువగా మైక్రోస్పోరమ్ కేనిస్ అనే శిలీంధ్రం. డాక్టరు వుడ్స్ లాంప్ అనే అతినీలలోహిత కాంతి దీపం కింద చూస్తారు. వెంట్రుక మొదళ్లు పచ్చ ఆపిల్ రంగులో మెరిస్తే అనుమానం బలపడుతుంది, మెరవకపోతే తామర లేదని అర్థం కాదు. కొత్త టూత్‌బ్రష్‌తో ఒళ్లంతా రుద్ది ఆ బ్రష్‌తోనే కల్చర్ పెడతారు, ఫలితానికి రెండు మూడు వారాలు పడుతుంది. మీకు దగ్గర్లో మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, అక్కడ అడిగి చూడండి.

కూనకు పైపూత ఒక్కటే చాలదు. కడుపులోకి ఇచ్చే ఇట్రాకోనజోల్, వారానికి రెండుసార్లు ఒళ్లంతా పట్టించే మందు, రెండూ కావాలి. ఎంత, ఎన్నాళ్లు అన్నది బరువు చూసి డాక్టరే చెప్పాలి. బొచ్చు మొలిచిందని మధ్యలో ఆపకండి. కల్చర్‌లో లేదని వచ్చేదాకా వాడాలి. అందాకా కూనను సులువుగా కడగగలిగే ఒక్క గదిలో ఉంచండి. ఈ శిలీంధ్రం బీజాలు రాలిన వెంట్రుకల్లో ఏడాదికి పైగా బతికి ఉండగలవు, అందుకే రోజూ బొచ్చు ఏరి పారేయడం, సబ్బునీళ్లతో తుడవడం అన్నిటికంటే ముఖ్యం. తిరిగి ఇచ్చేయాలా అన్నారు. వద్దండి. ఇది తగ్గే జబ్బు. అమ్మినవాళ్లకు మాత్రం చెప్పండి, అక్కడ మిగిలిన కూనలకూ చూపించాలి.

ప్రశ్న: అమ్మా, మాది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. మా దొడ్లోకి వచ్చే ఊరపిల్లికి చెవుల అంచుల మీద మొదలై మొహమంతా మందంగా బూడిదరంగు చెక్కు కట్టింది. కళ్లు సరిగా తెరవలేకపోతోంది, రక్తం వచ్చేలా గోక్కుంటోంది. దానికి అన్నం పెట్టే మా చెల్లెలి చేతుల మీదా దద్దుర్లు వచ్చినాయి. కాల్చిన ఇంజన్ ఆయిల్ పూస్తే పోతుందంటున్నారు, నిజమేనా?

జవాబు: ఇంజన్ ఆయిల్ వద్దు నాయనా, నాకితే చచ్చిపోతుంది. మీరు రాసింది పిల్లి గజ్జి. నోటోఎడ్రిస్ అనే కంటికి కనపడని పురుగు చర్మంలో సొరంగాలు చేయడం వల్ల వస్తుంది. చెవి అంచు దగ్గర మొదలై మొహం, మెడ మీదికి పాకడం దీని గుర్తు. ముడుచుకుని పడుకుంటుంది కాబట్టి పాదాలకు, తోక దగ్గరికి కూడా అంటుకుంటుంది. ఇంత బాధలో ఉన్న ప్రాణికి అన్నం పెడుతున్నారు, మీ చెల్లెలికి నా నమస్కారం. డాక్టరు చెక్కును గీకి మైక్రోస్కోప్‌లో చూస్తే పురుగులు సులువుగానే దొరుకుతాయి. మందు వేస్తే కొద్ది వారాల్లో మొహం మళ్లీ పిల్లి మొహమవుతుంది. పశువుల కోసం తెచ్చిన ఐవర్‌మెక్టిన్ సీసా ఇంట్లో ఉందని అందాజుగా పొడవకండి, పిల్లికి మోతాదు చాలా కొంచెం, తేడా వస్తే ప్రమాదం. ఒక గంపలో అన్నం పెట్టి లోపలికి రప్పించి, మూత వేసి మండలంలో పశువుల ఆసుపత్రికి తీసుకుపోండి. అక్కడ కుదరకపోతే ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. మీ చెల్లెలి దద్దుర్లు పిల్లికి నయమైతే తగ్గిపోయేవే, అయినా డాక్టరుకు చూపించి, అందాకా పిల్లిని తాకినప్పుడల్లా సబ్బుతో చేతులు కడుక్కోమనండి. ఆ వీధిలో తిరిగే మిగతా పిల్లుల చెవులు కూడా ఒకసారి చూడండి.

ప్రశ్న: విశాఖపట్నం నుంచి రాస్తున్నాను. మా తెల్ల పిల్లికి ముక్కు మీద చిన్న పుండ్లు, రెండు చెవుల కొసల మీద పెచ్చులు. వర్షాకాలంలో ఎక్కువవుతోంది. పగలంతా బాల్కనీ ఎండలో పడుకుంటుంది. దోమలు కుట్టడం వల్ల అంటున్నారు. నిజమేనా?

జవాబు: కావచ్చు. దోమకాటు పడని పిల్లులకు బొచ్చు పల్చగా ఉండే ముక్కు మీద, చెవుల మీదే పుండ్లు వస్తాయి. పరీక్ష సులువు: వారం పాటు దోమతెర బిగించిన గదిలోంచి బయటికి రానివ్వకండి. దోమ వల్ల అయితే ఆ వారంలోనే తేడా తెలుస్తుంది. తగ్గకపోతే నాకున్న భయం వేరు. తెల్ల పిల్లుల చెవి కొసలకు, ముక్కుకు ఎండ నుంచి కాపాడే రంగు ఉండదు. ఏళ్ల తరబడి ఎండ తగిలిన చోట చర్మ కాన్సర్ వస్తుంది, మొదట్లో అది మానని చిన్న పెచ్చులాగే ఉంటుంది. పెచ్చు ఊడి, రక్తం కారి, మళ్లీ కడుతూ ఉంటే ముక్క తీసి పరీక్షకు పంపమని డాక్టరును అడగండి. చెవి కొసలో ఉండగానే పట్టుకుంటే ఆ కొస వరకు తీసేసి పిల్లిని బతికించుకోవచ్చు. బాల్కనీ తలుపు పగటిపూట ఈ రోజు నుంచే మూసి ఉంచండి.